ఎడమ పక్క దారి

రోలండ్ మేబ్రీ లేచిన చాలాసేపటికి గానీ అతని కుడి మోకాలు లేవదు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులతో తొడ పట్టుకుని, కాలు చాపుతాడు, మడుస్తాడు, మళ్ళీ చాపుతాడు. మొండికేసిన ఎద్దును బుజ్జగించినట్టు దాన్ని బుజ్జగిస్తాడు. కాసేపటికి లోపల ఎక్కడో చిటుక్కుమంటుంది. ఆ చప్పుడు వినబడితే ఆ రోజుకి కాలు పనికొస్తుందని లెక్క. గురువారం పొద్దున్న ఆ చప్పుడు కోసం అతను చాలాసేపు కూర్చోవలసి వచ్చింది.

భార్య క్లాడెట్ కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇవాళేనా?"

"ఇవాళే."

"కొత్తగా ఏం చూస్తారు? పదహారేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నారుగా నిన్ను."

"ఎంత మిగిలిందో చూస్తారు."

ఆమె కప్పు అతని చేతికిచ్చి, కిటికీ తెర పక్కకి లాగింది. బయట సెప్టెంబరు చివరి ఎండ పల్చగా ఉంది. సరస్సు మీది గాలికి వీధి చివర చెత్త డబ్బా మూత టపటపా కొట్టుకుంటోంది.

టొలీడో హెరాన్స్ బాస్కెట్‌బాల్ జట్టుతో మేబ్రీ కాంట్రాక్టుకి ఇంకా ఒక ఏడాది ఉంది. కాకపోతే ఆ ఏడాది అతన్ని ఉంచుకోవడమా వదిలెయ్యడమా అన్నది జట్టు ఇష్టం. పోటీలకి ముందు పెట్టే శిక్షణ శిబిరం ముగిసేలోగా తేల్చాలి. ఇవాళ తలుపులు మూసి తమలో తాము ఆడుకునే ఆటే శిబిరంలో చివరిది. రేపు సాయంత్రానికి పేర్లు లీగ్ ఆఫీసుకి చేరిపోవాలి.

మేబ్రీకి ఆ ఏడాది కావాలి. జీవితానికి సరిపడా ఎప్పుడో సంపాదించాడు, డబ్బు సంగతి కాదు. ప్రాక్టీసు లేని మంగళవారం నాడు పొద్దున్నే లేచిన మగాడు ఏం చేస్తాడో అతనికి నిజంగా తెలియదు. పోనీ తప్పుకుందామన్నా ఊరు ఊరుకోదు. మన్రో వీధిలో టైర్ల దుకాణం గోడ మీద అతని బొమ్మ రెండంతస్తుల ఎత్తున ఉంది. పెట్రోలు పోసే కుర్రాడి దగ్గర్నుంచి చర్చిలో పక్క బెంచీ ముసలావిడ దాకా, "ఈ ఏడాది కూడా ఉన్నావుగా?" అని అడిగేవాళ్ళే. ఉన్నానని చెప్పీ చెప్పీ అతనికే అనుమానం పట్టుకుంది. అతనికి భయంగా ఉంది, అంతే. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు.

ప్రాక్టీసు హాల్లో బల్ల మీద కూర్చుని చీలమండలకి టేపు చుట్టించుకుంటుంటే జావన్ పెటిగ్రూ వచ్చి పక్క బల్ల మీదికి ఎగిరి కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళవాడు, మిసిసిపీ నుంచి వచ్చాడు. ఒళ్ళంతా చేతులే అన్నట్టుంటాడు.

"ఏం బాబాయ్, మోకాలు నిద్ర లేచిందా?"

"లేచింది. నీ సంగతి అడుగుతోంది."

"కాఫీ తాగిందా మరి? ఆటలో ఆవలిస్తే నాకు సంబంధం లేదు."

జట్టులో కుర్రాళ్ళందరికీ మేబ్రీ బాబాయే. ముప్పై దాటి ఇంకా నిక్కరు వేసుకుని ఆడేవాణ్ణి ఈ లీగంతటా అలాగే పిలుస్తారు. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింత. ఎప్పుడు ఏ సగం మాట్లాడుతోందో పిలిచినవాడి మొహం చూసి తెలుసుకోవాలి. జావన్ మొహంలో మాత్రం మర్యాద పాలు ఎక్కువ. శిబిరం మొదలైన రోజున ఇతరులంతా స్నానానికి పోతే, కోర్టు మీదే నిలబడి "ఆ అడుగు ఇంకోసారి చూపించవా?" అని అడిగినవాడు వాడొక్కడే.

మేబ్రీ చూపించాడు. అప్పటినుంచి రోజూ చూపిస్తున్నాడు. ఎదుటివాణ్ణి అడ్డుకునేటప్పుడు పాదాలు ఎలా ఉండాలి అన్నదే ఆ పాఠమంతా. "చేతులు ఎవడైనా ఊపుతాడు. నీ కుడి పాదం వెనక్కి పెట్టావో, నాకు ఎడమ పక్క తలుపు తీసి 'దయచెయ్యండి' అన్నట్టే. ఆ పాదం మేకు కొట్టినట్టుండాలి." జావన్ రెండు రోజుల్లో పట్టేశాడు. మూడో రోజు నుంచి మేబ్రీ ఎడమకి వెళ్ళడం మానేశాడు, దారి లేక. అసలు ఎడమకి దూకాలంటే కుడి కాలితో నేలని తన్నాలి. ఆ కాలే చెడింది.

"అమ్మ ఆదివారం దిగుతోంది," అన్నాడు జావన్. "సోఫా కూడా వచ్చేసింది. తలుపులో పట్టక కిటికీలోంచి ఎక్కించారు."

"ఇల్లు తీసుకున్నావా అప్పుడే?"

"కోచ్ చూసుకోమన్నాడుగా. పోయిన వారమే అన్నాడు." ఆ మాట చెప్తూ వాడు గొంతు తగ్గించాడు గానీ నవ్వు తగ్గించలేకపోయాడు.

శిబిరానికి వచ్చిన కుర్రాళ్ళని హోటల్లో పెడతారు. నువ్వు జట్టులో ఉన్నావని ముందుగా ఎవరూ నోటితో చెప్పరు, చెప్పకూడదని పట్టింపు. ఏదో ఒక రోజు కోచ్ పక్క నుంచి వెళ్తూ "ఇల్లు చూసుకో" అంటాడు. ఈ వృత్తిలో ఆ మాట కోసం తపస్సు చేస్తారు. పదహారేళ్ళ కిందట మేబ్రీతోనూ ఒకాయన అలాగే అన్నాడు. ఆ రాత్రి ఫోను పట్టుకుని క్లాడెట్ దగ్గర చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మంచిది," అని మేబ్రీ వాడి భుజం మీద గుద్దాడు. సంతోషించాడు కూడా.

ఆట మొదలైంది. కోచ్ సోరెల్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మనుషుల్ని తీసుకోవడం, తీసెయ్యడం చేతిలో ఉన్న మేనేజరు లెనోర్ ఓక్స్ ఒక్కతే ఖాళీ బెంచీల మధ్య కోటు వేసుకుని కూర్చుంది. రిఫరీ లేడు. హెరాన్స్ ప్రాక్టీసులో రిఫరీని పెట్టరు, ఎవడు తప్పు చేస్తే వాడే చెయ్యెత్తాలి. కుర్రతనంలో మేబ్రీయే తెచ్చిన ఆచారం అది. చెయ్యి ఎత్తాక బంతి అవతలివాడికి ఇచ్చేస్తారు, వాదన ఉండదు. వేరే జట్ల నుంచి వచ్చినవాళ్ళు మొదట నవ్వుతారు, వారం తిరిగేసరికి వాళ్ళ చేతులూ లేస్తాయి.

మేబ్రీకి ఎదురుగా జావన్ నిలబడ్డాడు. మొదటి బంతి అందగానే మేబ్రీ ఊరికే, అలవాటుకొద్దీ, భుజం ఎడమకి వంచాడు. దారి కనిపించింది. వెళ్ళాడు. బంతి వెనక పలకకి తగిలి రింగులో పడింది.

"అదీ బాబాయ్," అన్నారెవరో.

ఇంకోసారి వెళ్ళాడు. మళ్ళీ పడింది. మోకాలు నొప్పి పెడుతూనే ఉంది గానీ, ఆ నొప్పి ఎవరిదో పక్కింటివాడిదిలా ఉంది. కళ్ళ చివర ఓక్స్ ఏదో రాసుకోవడం కనిపించింది. ఒంట్లోకి పాత వేడి వచ్చింది. మూడోసారి ఎడమకి దూకినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఏదో తేడాగా అనిపించింది. దారి అతను తోసుకుని తీసినట్టు లేదు, వెళ్ళేసరికే తెరిచి ఉంది. బంతి చేతిలోంచి వదులుతూ కిందికి, జావన్ కాళ్ళ వైపు చూడబోయి, చూడకుండా పైకి రింగు వైపే చూశాడు. బంతి పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. జావన్ రొప్పుతూ, "ఇవాళ నీ మోకాలు ఏం తిందో నాకూ చెప్పు," అన్నాడు.

ఆ రాత్రి క్లాడెట్‌ని తీసుకుని మర్ల్ హోటల్‌కి వెళ్ళి పెర్చ్ చేప వేపుడు రెండు ప్లేట్లు తిన్నాడు. తనకి ఇంకా ఒక ఏడాది ఆట ఉందని చెప్పాడు. ఒకటి కాదు, రెండు ఉన్నాయేమో అన్నాడు. వడ్డించే ఆవిడ నిమ్మకాయ ముక్కలు ఇంకో గిన్నెడు తెచ్చిపెట్టి, "ఈ ఏడాది కూడా ఉన్నావుగా?" అంది. "ఎక్కడికి పోతాను?" అని గట్టిగా నవ్వాడు. క్లాడెట్ అతని మొహం వైపు చూసి తనూ నవ్వింది.

శుక్రవారం పొద్దున్న ఓక్స్ గదిలోకి పిలిచారు. గోడ మీద జట్టు గుర్తు, ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. కోచ్ సోరెల్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. ఓక్స్ లేచి చెయ్యి చాచింది.

"నువ్వు ఉంటున్నావు రోలండ్. మూడింటికి పత్రికలవాళ్ళకి చెప్తాం."

మేబ్రీ కుర్చీలో కూర్చుండిపోయాడు. గుండె మీంచి బస్తా దింపినట్టయింది. "థాంక్స్ మేడమ్," అన్నాడు.

"నాకు చెప్పకు. నిన్నటి ఆటకి చెప్పుకో. నిజం చెప్పనా, నిన్న మధ్యాహ్నం దాకా మేం నిన్ను వదిలేద్దామనే ఉన్నాం."

"ఉన్నది ఒకటే కుర్చీ," అన్నాడు సోరెల్. "నువ్వా, పెటిగ్రూనా అన్నట్టుంది. వాడి సంగతి నిన్నటితో తేలిపోయింది."

"తేలడమేంటి?"

"పంపించేస్తున్నాం. చూశావుగా? ముప్పై ఏడేళ్ళ మనిషిని, ఒక కాలు సగం పోయినవాణ్ణి, అదే పక్కకి మూడుసార్లు పోనిచ్చాడు. వాడు రేపు ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళనేం ఆపుతాడు?" అనేశాక సోరెల్‌కి తన మాట ఎక్కడ తగిలిందో అర్థమైంది. "నీ గురించి కాదు రోలండ్."

తన గురించే. మెచ్చుకోలు నోట్లోకి వెళ్ళకముందే చేదెక్కింది.

"ఇల్లు చూసుకోమన్నావట వాడితో?"

"నేనా?" సోరెల్ నుదురు రుద్దుకున్నాడు. "హోటల్లో పక్క గదివాడు రాత్రంతా పాటలు పెడుతున్నాడని గోల పెడితే, ఏదన్నా ఇల్లు చూసుకోరాదూ అన్నానేమో. అబ్బా. దాన్ని అలా అనుకున్నాడా?"

"ఇంకెలా అనుకుంటాడు? మనలో ఎవరైనా ఇంకెలా అనుకుంటారు?"

ఓక్స్ చేతి గడియారం చూసుకుంది. చెడ్డమనిషి కాదు, ఆమెకి పని ఉంది.

లాకర్ల గదిలో జావన్ లాకరు మీద పేరు రాసిన పట్టీ అప్పటికే పీకేశారు. జిగురు మరక ఒక్కటే మిగిలింది. వాడు బెంచీ మీద కూర్చుని నల్ల ప్లాస్టిక్ సంచిలోకి సామాను సర్దుకుంటున్నాడు. శిబిరం నుంచి పోయేవాళ్ళకి ఆ సంచే ఇస్తారు, చెత్త వేసుకునేది. బూట్లు రెండూ ఒకదానిలో ఒకటి దూర్చి, మేజోళ్ళు విడిగా చుట్టి పెడుతున్నాడు.

మేబ్రీ వెళ్ళి పక్కన కూర్చున్నాడు.

"కంగ్రాట్స్ బాబాయ్," అన్నాడు జావన్ తల ఎత్తకుండా.

"నిన్న కుడి పాదం ఎందుకు వెనక్కి పెట్టావు?"

జావన్ చేతులు ఆగాయి.

"మూడుసార్లు పెట్టావు. మూడు వారాల్లో ఒక్కసారి పెట్టనివాడివి."

"జారింది."

"పిచ్చి మాటలు చెప్పకు."

వాడు చేతిలోని మేజోళ్ళ చుట్ట విప్పి మళ్ళీ చుట్టాడు. తర్వాత, "నిన్ను తీసేస్తారని అందరూ అనుకుంటున్నారు," అన్నాడు. "నాకు ఇల్లు చూసుకోమని చెప్పేశారు కదా. నాకేం పోతుంది, ఒక్క రోజు సరిగ్గా ఆడకపోతే ఏమవుతుందిలే అనుకున్నా. నీకు ఎడమ పక్క అంటే ఇష్టం. ఇచ్చా."

"నిన్నెవడు ఇవ్వమన్నాడు?"

"ఎవరూ అడగలేదు. నువ్వడుగుతావా? చచ్చినా అడగవు."

"మరి చెయ్యెందుకు ఎత్తలేదు?"

"నిన్ను ముట్టుకోలేదుగా బాబాయ్. ముట్టుకోకపోవడం ఫౌలా?" వాడు ముక్కు తుడుచుకుని సంచి మూతి ముడి వేశాడు. "ఎవరికీ చెప్పకు. చెప్తే ఇద్దరం పోతాం. ఒకడైనా ఉండు. అమ్మకి ఎలా చెప్పాలో చూసుకుంటా. ముందు ఆ సోఫా ఎవడన్నా కొంటాడేమో చూడాలి."

మేబ్రీ కారిడార్లోకి వచ్చాడు. రిసెప్షన్లో అమ్మాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. టికెట్ల గదిలోంచి ఇద్దరు తలలు బయటపెట్టి నవ్వారు. బట్టలు చూసే ఆయన కొత్త చొక్కా ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించాడు, వీపు మీద పేరు, పాత నంబరు. ఫోను మోగింది.

"ఏమన్నారు?" అంది క్లాడెట్.

"ఉంచారు."

అవతల ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "అమ్మయ్య. మరి గొంతు అలా ఉందేం?"

"ఏం లేదు. తర్వాత మాట్లాడతా."

కారులో కూర్చుని తాళం తిప్పకుండా స్టీరింగ్ పట్టుకున్నాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వయసుకి తెలిసింది. చెప్తే తన ఆట అయిపోయింది. చెప్పకపోతే వాడిది మొదలవకుండానే అయిపోయింది. వాడు చెప్పడు. సోరెల్ కనిపెట్టలేదు. అద్దంలో మొహం చూసుకుంటే, అందులో ఉన్నవాడు కాసేపు వాదించాడు కూడా. కుర్రాడు, ఇంకో జట్టు దొరుకుతుంది. పొరపాటు వాడిది. నువ్వెవర్నీ బతిమాలలేదు. ప్రతి మాటా సబబుగానే ఉంది, ఏదీ మింగుడు పడలేదు. నిన్న మూడో బంతి వదిలేటప్పుడు కిందికి ఎందుకు చూడలేదు అన్న ఒక్కదానికి మాత్రం అద్దంలోవాడు జవాబు చెప్పలేదు.

అతను కారు దిగాడు. దిగేటప్పుడు మోకాలు పట్టేస్తే తలుపు పట్టుకుని నిలబడి, అది వదిలేదాకా ఆగి, మళ్ళీ లోపలికి నడిచాడు.

ఓక్స్ గదిలో ఇద్దరూ ఇంకా ఉన్నారు.

"నిన్న వాడు నన్ను పోనిచ్చాడు," అన్నాడు మేబ్రీ. "కావాలనే పోనిచ్చాడు."

ఓక్స్ నవ్వింది, జాలిగా. "నీది పెద్ద మనసు రోలండ్. పోయేవాడి గురించి అందరూ ఇలాగే చెప్తారు."

"మనసు కాదు మేడమ్. పాదం."

"నేను వీడియో చూశాను. వాడు వెనకబడ్డాడు. అంతే కనిపిస్తోంది."

"వీడియోలో అంతే కనిపిస్తుంది. కిందికి రండి."

"ప్రకటన టైపు అయిపోయింది."

"పేర్లు ఇంకా వెళ్ళలేదుగా. కాసేపు కిందికి రండి. పదహారేళ్ళలో మిమ్మల్ని ఎప్పుడైనా ఏదైనా అడిగానా?"

ఆమె సోరెల్ వైపు చూసింది. సోరెల్ అప్పటికే తలుపు దగ్గరున్నాడు.

జావన్ సంచి భుజాన వేసుకుని టాక్సీ కోసం బయట మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మేబ్రీ వెళ్ళి ఆ సంచి లాక్కుని, ముడి విప్పి, బూట్లు తీసి వాడి కాళ్ళ దగ్గర పడేశాడు.

"తొడుక్కో."

"వద్దు బాబాయ్."

"తొడుక్కోమన్నానా?"

ఖాళీ హాల్లో సగం దీపాలే వెలుగుతున్నాయి. మేబ్రీ చీలమండలకి టేపు లేదు, మోకాలికి పట్టీ లేదు. బంతి రెండుసార్లు నేలకి కొట్టి, రింగుకి పక్కగా తన పాత చోట నిలబడ్డాడు. జావన్ ఎదురుగా వంగాడు. గోడ దగ్గర సోరెల్, అతని పక్కన కోటు తొడుక్కుని ఓక్స్.

మేబ్రీ భుజం ఎడమకి వంచాడు. జావన్ కుడి పాదం వెనక్కి జరిగింది. దారి తెరుచుకుంది. నిన్నటి కంటే వెడల్పుగా తెరుచుకుంది. మేబ్రీ వెళ్ళాడు. రింగు కిందికి చేరి, బంతి వెయ్యలేదు. చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

"ఎత్తు."

జావన్ నేల చూస్తున్నాడు.

"ఏమిటి ఎత్తేది?" అంది ఓక్స్. "ముట్టుకోను కూడా లేదుగా?"

మేబ్రీ ఆగాడు. అతనికి తొందర లేదు, ఆ మోకాలితో ఎలాగూ తొందరపడలేడు. జావన్ దవడ బిగుసుకుంది. వాడి కుడి చెయ్యి మోచేతి దాకా లేచి ఆగింది. ఆ తర్వాత మెల్లగా, బరువేదో మోస్తున్నట్టు, తలకి పైదాకా లేచింది.

సోరెల్ గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశాడు. ఈ హాల్లో లేచిన చెయ్యి అబద్ధం చెప్పడం అతను ఎప్పుడూ చూడలేదు.

"నిన్న ఎన్నిసార్లు?" అన్నాడు.

"మూడూ," అన్నాడు జావన్, చెయ్యి దించకుండానే.

"ఇప్పుడు సరిగ్గా ఆడు," అన్నాడు మేబ్రీ. "నామీద జాలిపడ్డావో, మీ అమ్మకి నేనే ఫోన్ చేసి చెప్తా, కొడుకుని ఎలా పెంచావమ్మా అని."

జావన్ ఈసారి వంగిన తీరు వేరు. పాదాలు వెడల్పుగా పెట్టి చేతులు పక్కలకి చాపాడు. కళ్ళలో కోపముంది. అది ఎవరి మీదో వాడికీ తెలియదు. మేబ్రీ ఎడమకి వంగాడు, ఛాతీ అడ్డొచ్చింది. కుడికి లాగి మళ్ళీ ఎడమకి వచ్చాడు, అదే ఛాతీ. కుడి కాలితో నేలని తన్నబోతే కాలు పలకలేదు. బంతి ఎప్పుడు చేజారిందో తెలియదు, అటు తిరిగేసరికి జావన్ దాన్ని అవతలి గోడ దాకా కొట్టుకుపోయాడు. ఇంకో బంతి. ఇంకోటి. ఒక్కటీ రింగు దాకా వెళ్ళలేదు. చివరిదానికి మేబ్రీ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. చెమట చుక్కలు చెక్క నేల మీద రాలుతున్నాయి.

ఓక్స్ మెల్లగా కోటు గుండీలు విప్పింది. వెళ్ళిపోదామనుకున్నదల్లా నిలబడిపోయింది.

"నీకు అర్థమవుతోందా రోలండ్, ఏం చేశావో?" అంది.

"అవుతోంది మేడమ్."

సోరెల్ గొంతు సవరించుకున్నాడు. "పెటిగ్రూ. ఆ ఇంటి తాళాలు ఇంకా నీ దగ్గరే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఉంచుకో." ఆ మాట అన్నాక, ఈసారి దాన్ని ఎవరూ తప్పుగా అనుకోకూడదని కాబోలు, ఇంకో మాట కలిపాడు. "జట్టులో ఉన్నావు."

జావన్ మేబ్రీ వైపే చూస్తున్నాడు. మేబ్రీ మోకాలి మీద ఒక చెయ్యి ఉంచుకుని నిటారుగా లేచాడు. రెండో చెయ్యి పైకెత్తాడు. పూర్తిగా ఎత్తాడు, వేళ్ళు విప్పి, అందరికీ కనిపించేలా.

"అదేంటి బాబాయ్? నువ్వేం చేశావని? నన్ను ముట్టుకోలేదు కూడా."

"ఇప్పటిది కాదు," అన్నాడు మేబ్రీ. "నిన్నటిది."

బంతి ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యాలి గనక, వంగి తీసి జావన్ చేతుల్లో పెట్టాడు. తర్వాత గోడ పట్టుకుని బెంచీ దాకా నడిచి, కూర్చుని, క్లాడెట్‌కి ఫోను కలిపాడు.